మిత్రలాభం నుంచి దోమలగూడ దాకా

లఘుపతనకం, హిరణ్యకం, మంథరం, చిత్రాంగం. తెలుగు మాధ్యమంలో చదివిన పాత తరం వాళ్ళకు ఈ పేర్లు ఇప్పటికీ నోట నానుతుంటాయి. మామూలు మాటల్లో చెప్పుకుంటే కాకి, ఎలుక, తాబేలు, లేడి. ఒకసారి వేటగాడు తాబేలును పట్టి వింటికి కట్టుకుని పోతుంటే మిగిలిన ముగ్గురూ కలిసి ఒక నాటకం ఆడారు. లేడి మడుగు ఒడ్డున చచ్చినట్టు పడుకుంది. కాకి దాని మీద వాలి కళ్ళు పొడుస్తున్నట్టు నటించింది. వేటగాడు ఆశపడి తాబేలును కింద పెట్టి లేడి కోసం పరుగెత్తాడు. ఎలుక కట్లు కొరికింది, తాబేలు నీళ్ళలోకి జారింది, లేడి లేచి ఉడాయించింది. వేటగాడికి రెండూ దక్కలేదు.

ఇంత నవ్వు ఉన్న కథను మనం నూట యాభై ఏళ్ళకు పైగా పరీక్షలో ప్రతిపదార్థాలు రాయడానికి వాడుకున్నాం. ఈ జంతువుల దగ్గర హాస్యానికి ఎప్పుడూ కొదవ లేదు. మనం వాటి నోట ఏ తెలుగు పెట్టామన్న దాన్ని బట్టి ఆ హాస్యం పైకి తేలింది, లేదా అడుగున పడిపోయింది. తెలుగులో జంతు మిత్రుల కథల చరిత్రను నేను ఇలాగే చదువుకుంటాను.

ఈ నలుగురి కథ ఉన్న పంచతంత్రం పుట్టిందే చదువబ్బని రాజకుమారులకు లోకం తీరు నేర్పడానికని ఆ గ్రంథమే చెప్పుకుంటుంది. విష్ణుశర్మ చెప్పిన ఆ కథలు ఆరో శతాబ్దంలో పారశీక దేశం చేరి పహ్లవీలోకి మారాయి. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా వాటిని అరబ్బీలోకి తెచ్చాడు. అక్కణ్ణించి యూరప్ భాషలు తిరిగి తిరిగి 1570లో థామస్ నార్త్ చేతి మీదుగా ఇంగ్లీషుకు అందాయి. ఇంగ్లండు పల్లెల్లో కుందేళ్ళు కోట్లు తొడుక్కోవడానికి మూడు వందల ఏళ్ళ ముందే మన నక్కలు ఆ దేశంలో కాపురం పెట్టాయన్నమాట.

తెలుగులో దూబగుంట నారాయణకవి పదిహేనో శతాబ్దంలో పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రాశాడు. తర్వాత బైచరాజు వేంకటనాథుడు మళ్ళీ రాశాడు. ఇవి పండితుల సభలో చదివి మెచ్చుకోవలసిన కావ్యాలు. పిల్లలు వాటి గడప తొక్కే అవకాశం తక్కువ.

పిల్లలకు అప్పుడూ కథలున్నాయి. అవి ఇంట్లో, వాకిట్లో, మంచం మీద పుట్టేవి. ఏడు చేపల కథనే తీసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. తప్పు ఎవరిదని అడుగుతూ పోతే గడ్డిమేటు ఆవు మీద చెప్పింది, ఆవు పాలేరు మీద చెప్పింది, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, పిల్లవాడు చీమ మీద చెప్పారు. చివరికి చీమ మాత్రం తన పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఎలా ఉంటానని నిబ్బరంగా నిలబడింది. నీతి ఏమిటని ఎవరూ అడగరు. రాజుగారి కొడుకుల దగ్గర మొదలై చీమ దగ్గర ఆగే ఈ విచారణలో ఒక తెలుగు ఊరు మొత్తం కనిపిస్తుంది: గడ్డివాము, దొడ్డి, కూలి, వంటిల్లు, ఉయ్యాల, పుట్ట. కాకమ్మ, పిచ్చుకమ్మల కథలూ అంతే. వానకు ఒకరి ఇల్లు కొట్టుకుపోతుంది, ఇంకొకరి తలుపు తట్టవలసి వస్తుంది. మన పల్లె జంతువుల అసలు హాస్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అది అచ్చులోకి రావడానికే చాలా కాలం పట్టింది.

అచ్చులోకి ముందు వచ్చినవి పంచతంత్ర కథలే. కుంపిణీ ప్రభుత్వం మద్రాసులో దొరలకు తెలుగు నేర్పించాలనుకుంది. దానికి వచనంలో పాఠ్యపుస్తకాలు కావాలి. రావిపాటి గురుమూర్తి శాస్త్రి పంచతంత్ర కథలను వచనంలో పెట్టింది ఆ కాలంలోనే. ఆ తర్వాత పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ ప్రకటించాడు. సంస్కృతంలోని పంచతంత్రం, హితోపదేశం రెండింటి నుంచీ తీసుకుని మిత్రలాభం, మిత్రభేదం అన్న రెండు భాగాలు రాశాడు. మిగిలిన విగ్రహం, సంధి భాగాలను తర్వాత కందుకూరి వీరేశలింగం పూరించాడు.

సూరి వచనాన్ని తక్కువ చేయడానికి లేదు. గట్టిగా చదివితే మృదంగం మీద చెయ్యి పడ్డట్టు ఉంటుంది. హిరణ్యకం తన పాత కథ చెప్పుకునే చోటు చూడండి. ఒక సన్యాసి భిక్షాన్నం మిగిల్చి చిలక్కొయ్యకు తగిలించడం, ఎలుక రోజూ ఎగిరి అది తినడం, సన్యాసి కర్రతో నేల మీద కొట్టుకుంటూ వచ్చిన అతిథి మాట సరిగ్గా వినకపోవడం, అతిథికి కోపం రావడం. ఇద్దరు పెద్దమనుషుల కబుర్లను ఒక ఎలుక చెడగొట్టింది! తర్వాత కన్నం తవ్వి ఎలుక దాచుకున్నదంతా తీసేస్తారు. సంపద పోగానే దానికి ఎగిరే సత్తువ కూడా పోతుంది. డబ్బు మీద ఇంత చురుకైన వ్యంగ్యం ఏ పిల్లల పుస్తకంలోనైనా అరుదు. కానీ సూరి దీన్ని వ్యాకరణ శుద్ధమైన గ్రాంథికంలో కట్టాడు. ఆ పుస్తకం తరతరాలకు భాషా ప్రమాణం అయి కూర్చుంది. పిల్లవాడు అర్థం తెలుసుకునే లోపు నవ్వు చల్లారిపోయేది. సంధులు విడదీస్తూ ఎవరు నవ్వగలరు?

ఆ శతాబ్దం దాటగానే ఇంగ్లండులో జంతువులు వేరే దారి పట్టాయి. బియాట్రిక్స్ పాటర్ 1893లో ఒక జబ్బుపడ్డ చిన్నపిల్లవాడికి ఉత్తరంలో బొమ్మలతో రాసిన కుందేలు కథ 1902లో పుస్తకమై అమ్ముడుపోయింది. 1908లో కెన్నెత్ గ్రేహామ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు కార్యదర్శి పదవి నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది అతని ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’ వచ్చింది. తన కొడుకుకు చెప్పిన కథల్లోంచి పుట్టిన పుస్తకం అది. ఏటి ఒడ్డున ఒక చుంచు, ఒక నీటి ఎలుక, ఒక బ్యాడ్జరు, కొత్తగా వచ్చిన మోటారు కార్ల పిచ్చి పట్టిన ఒక డబ్బున్న కప్ప. కప్ప కారు దొంగిలిస్తాడు, జైలుకు పోతాడు, చాకలామె వేషంలో తప్పించుకుంటాడు. మన హిరణ్యకానికీ ఈ కప్పకూ చుట్టరికం దూరమేమీ కాదు, ఇద్దరికీ సొమ్ము తలకెక్కింది. తేడా ఎక్కడంటే ఆ జంతువులకు ఇళ్ళున్నాయి, వంటగదులున్నాయి, ఫలానా ఏరు అని చూపించగల నేల ఉంది. వాటికి గురువులు లేరు. మిత్రలాభంలోని మన నలుగురికి శ్లోకాలు పుష్కలంగా ఉన్నాయి, కాపురం వివరాలు మాత్రం తక్కువ.

తెలుగులో ఈ ముడి విప్పడం మొదలుపెట్టింది వాడుక భాషా ఉద్యమం. గిడుగు రామమూర్తి బడి పుస్తకాల్లో జీవభాష ఉండాలని పోరాడితే, ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి ఆ భాషలోనే పిల్లలకు పాటలు, గేయకథలు రాశాడు. ఆయన ‘చిలకమ్మ పెళ్ళి’లో పక్షులు పెళ్ళి హడావిడి చేస్తుంటే నిఘంటువు అవసరం రాదు. పక్కింటి పెళ్ళికి వెళ్ళినట్టే ఉంటుంది. చింతా దీక్షితులు కూడా పిల్లల ప్రపంచాన్ని వాళ్ళ మాటల్లోనే పట్టుకున్న రచయిత.

హైదరాబాదులో సంగతి వేరు. నిజాం పాలనలో బడి భాష ఉర్దూ. తెలుగు పిల్లలకు తెలుగులో కథ దొరకడమే గగనం. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి వెలిసింది. నారాయణగూడలో ఆయన పేరుతో ఈనాటికీ ఉన్నది అదే. ఆంధ్ర జిల్లాల పిల్లలు నీతిచంద్రికను చూసి బెదిరిపోతున్న రోజుల్లో, ఇక్కడ అదే పుస్తకం చేతికి రావడం ఒక గెలుపు. ఈ తేడాను మరిచిపోయి నీతిచంద్రికను తిట్టడం న్యాయం కాదు.

జంతువులకు అసలైన గొంతు మాత్రం రేడియోతో వచ్చింది. మద్రాసు రేడియో కేంద్రంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం నడిపారు. ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. ఆంధ్రదేశమంతటా పిల్లలకు వాళ్ళు వరసైన అన్నా అక్కలే. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. బాపు తొలి బొమ్మ, ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే. తర్వాత తెలుగువాళ్ళను దశాబ్దాల పాటు నవ్వించిన ఇద్దరికీ అక్షరాభ్యాసం జరిగింది ఒక పిల్లల పత్రికలో అన్నమాట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వాళ్ళు హైదరాబాదు వచ్చేశారు. వాళ్ళు నడిపిన ఆంధ్ర బాలానంద సంఘానికి నారాయణగూడ నెలవైంది. దోమలగూడ, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ పిల్లలకు అది నడిచి వెళ్ళే దూరం.

రేడియోలో వేషం కనపడదు, తోక కనపడదు. ఎలుకను ఎలుక అని నమ్మించాలంటే గొంతు సన్నం చేయాలి, మాట తొందరగా పలకాలి. అక్కడ గ్రాంథికం పది సెకన్లు కూడా నిలవదు. ‘విను’ అన్నది ‘ఆలకింపుము’ అయితే మైకు ముందున్న పిల్లవాడికే నవ్వొస్తుంది. నటించాల్సి రావడం వల్లనే తెలుగు జంతువుల మాట తేలికపడింది. సూరి కష్టపడి బిగించిన మిత్రలాభాన్ని వదులు చేసింది విమర్శకులు కాదు, మైకు. రాఘవరావు తర్వాతి తరంలో తురగా జానకీరాణి హైదరాబాదు కేంద్రం నుంచి అదే అక్కయ్య పాత్రను చాలా ఏళ్ళు మోశారు.

ఇక చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికను 1950ల నుంచి 1980లో కన్నుమూసే దాకా కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దారు. కొ.కు. వచనంలో ఒక్క మాట ఎక్కువ ఉండదు. నక్క జిత్తు వేసిందంటే వేసింది, దాని మీద వ్యాఖ్యానం ఉండదు. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ బొమ్మలు మిగిలిన పని చేసేవి. చందమామ మీద ఒక ఫిర్యాదు మాత్రం నాకుంది. అందులో జంతువుల అడవి ఎప్పుడూ ఒకటే అడవి. గోదావరి ఒడ్డుదా, నల్లమలదా అని అడిగితే జవాబు లేదు.

బొమ్మల్లోనే కథ నడిపించిన తెలుగువాడు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడైన ఈయన 1960లలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో గీశాడు. ఇంగ్లండులో ఇదే పని రూపర్ట్ అనే ఎలుగుబంటి పిల్ల 1920 నుంచే ‘డెయిలీ ఎక్స్‌ప్రెస్’లో చేస్తోంది. మేరీ టూర్టెల్ మొదలుపెట్టిన ఆ బొమ్మల వరసను 1935లో ఆల్‌ఫ్రెడ్ బెస్టాల్ అందుకున్నాడు. ఒకే జంతువు రోజూ పత్రికలో కనపడితే ఇంటి మనిషి అవుతుంది. మన దగ్గర ఆ పని బుజ్జాయి గీసిన డుంబు లాంటి పిల్లలు, ముళ్ళపూడి బుడుగు లాంటి గడుగ్గాయిలు చేశారు. ఏ కాకీ, ఏ కుందేలూ ఆ స్థాయికి రాలేదు.

సోవియట్ పుస్తకాల ముచ్చట చెప్పుకోకపోతే ఈ కథ పూర్తికాదు. విశాలాంధ్ర అంగళ్ళలో చవగ్గా దొరికిన మాస్కో ముద్రణల్లో రష్యా నక్కలు, ఎలుగులు చక్కని తెలుగు మాట్లాడేవి. మంచు తెలియని పిల్లలకు మంచు కథలు నోటికొచ్చేశాయి. ఆ పుస్తకాల్లో కొన్నిటిని ‘మంచి పుస్తకం’ వాళ్ళు ఈ మధ్య మళ్ళీ అచ్చు వేశారు. అమెరికా తెలుగువాళ్ళ ‘తానా’తో కలిసి కొత్త బొమ్మల పుస్తకాలూ తెస్తున్నారు.

దోమలగూడకు చేరేసరికి ఈ చరిత్ర రెండు ముఖాలు చూపిస్తుంది. రామకృష్ణ మఠంలో జంతువులింకా నీతి చెబుతూనే ఉన్నాయి. కాటు వేయడం మానేసి దెబ్బలు తిన్న పాముకు బుస కొట్టమని గురువు చెప్పిన పరమహంస కథ అక్కడ ఎవరికీ కొత్త కాదు. నాలుగు అడుగులు వేస్తే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. దాని చుట్టూ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, గ్రూప్స్ గైడ్లు, రాత్రిళ్ళు కూడా చదివే నిరుద్యోగులు. రాజకుమారులకు పాలన నేర్పడానికి పుట్టిన పంచతంత్రాన్ని, పాలనా ఉద్యోగాల కోసం చదివే ఈ పిల్లలు ఒక మార్కు ప్రశ్నగా చదువుతారు. విష్ణుశర్మ చూస్తే నవ్వుకునేవాడు. మరోవైపు ఇందిరా పార్కు పక్కనున్న ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు, పిల్లల దుకాణాల దగ్గర తోపులాట ఉంటుంది. అక్కడ అమ్ముడుపోయే జంతువుల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడేవే.

అయితే తప్పు పిల్లలది కాదు, వాళ్ళ అమ్మానాన్నలదీ కాదు. గ్రేహామ్ కప్పకు థేమ్స్ లాంటి ఒక ఏరు ఉంది. మన పుస్తకాల్లో ఊరు పేరున్న జంతువు ఎక్కడుంది? హుస్సేన్ సాగర్ పొంగితే నీళ్ళు మోసుకుపోయే నాలా దోమలగూడ, అశోక్‌నగర్ పక్కనుంచే మూసీ వైపు పోతుంది. 2000 ఆగస్టు వరదలో అది ఇళ్ళలోకి వచ్చింది. ఆ నాలా గట్టున పందికొక్కులున్నాయి, ముంగిసలున్నాయి, ఇందిరా పార్కు చెట్ల మీద కాకులున్నాయి, వానాకాలంలో కప్పల సభ ఉంటుంది. వరదకు ఎవరి ఇల్లు పోయింది, ఎవరి తలుపు తట్టారు, తలుపు తీసింది ఎవరు: కాకమ్మ, పిచ్చుకమ్మల కథ ఇక్కడ కొత్తగా రాయడానికి సరుకంతా ఉంది. నారాయణగూడ రేడియో అన్నయ్య నేర్పిన మాట తీరు ఎటూ చేతిలో ఉంది. తెలుగు రచయితలు నీతిని కాస్త పక్కన పెట్టి, ఈ జంతువులకు ఒక వీధి పేరు, ఒక ఇంటి నంబరు ఇచ్చి రాయాలి. అలాంటి పుస్తకం వస్తే ముందు కొనేది నేనే.