జర్మనీ రైలు, వెనక మిగిలిన పిల్లలు: గుల్తెన్ దాయొగ్లు జీవితం, రచన

టర్కీలో పిల్లల కోసం రాసినవాళ్ళు చాలామంది ఉన్నా, అయినవాళ్ళ అండకు దూరమైన పిల్లల్ని, పొట్టకూటికి పరాయి దేశం పోయిన కుటుంబాల పిల్లల్ని కథల్లోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు గుల్తెన్ దాయొగ్లు. పదిహేనేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పిన ఈ ఉపాధ్యాయురాలు అర్థం కావాలంటే, ఆమె పుట్టేనాటికి పన్నెండేళ్ళైనా నిండని టర్కీ రిపబ్లిక్ తన బడిని ఎట్లా కట్టుకుందో, ఆ బడిలో చదివినవాళ్ళు కొన్నాళ్ళకే జర్మనీ రైలు ఎందుకెక్కారో, రెండూ కలిపి చూడాలి. సుగ్గికి పోయిన ఇళ్ళు, అంటే కోతల కాలంలో పనులు దొరికే చోటికి ఇంటిల్లిపాదీ తరలిపోగా తాళం పడిన ఇళ్ళు, అనంతపురం పల్లెల్లో ఎరగనివాళ్ళు లేరు కాబట్టి అక్కడి పాఠకులకు ఈ చరిత్ర మరీ పరాయిదిగా తోచదు.

అనంతపురం నుంచి వచ్చి టర్కీలో స్థిరపడినవాళ్ళకు మొదట ఆశ్చర్యం కలిగించేది ఇక్కడి వాన లెక్క. దేశం నడిబొడ్డున ఉన్న అనతోలియా పీఠభూమిలో, కొన్యా పరిసరాల్లో, ఏడాదికి 350 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన కురిసే జిల్లాగా పేరుపడిన అనంతపురంలో 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. అయినా కొన్యాలో చలికాలపు మంచు మెల్లగా కరిగి నేలలోకి దిగి గోధుమకు అక్కరకొస్తుండగా, అనంతపురంలో కురిసిన కాస్త వాన ఎండకు ఆవిరై వేరుశెనగ ఊడలు దిగే వేళకు నేల గట్టిపడిపోతుంది. దాయొగ్లు 1935లో పుట్టిన ఎమెత్ ఈ పీఠభూమికి పడమటి అంచున, కుతాహ్య జిల్లా కొండల్లో ఉన్న చిన్న పట్టణం. బోరాన్ ఖనిజానికి, వేడినీటి ఊటలకు పేరున్న ఊరు.

1923 అక్టోబరు 29న ఏర్పడిన రిపబ్లిక్, 1924 మార్చి 3న చేసిన చట్టంతో మసీదులను అంటిపెట్టుకున్న చదువులతో సహా బడులన్నిటినీ ఒకే విద్యాశాఖ కిందికి తెచ్చింది. 1927 నాటి తొలి జనాభా లెక్కల్లో చదవగలిగినవాళ్ళు నూటికి పదిమంది చుట్టూ తేలారు. మరుసటి ఏడాది నవంబరులో అరబ్బీ లిపిని తీసేసి లాటిన్ లిపిని చట్టం చేశారు. 1929 మొదలు పుస్తకాలన్నీ కొత్త అక్షరాల్లోనే అచ్చుకావాలన్నారు. దీనివల్ల అక్షరాస్యత పెరిగిన మాట నిజమే గాని, తాత చదివే పుస్తకం మనవరాలికి, మనవరాలి వాచకం తాతకు అయోమయమైన మాటా నిజమే. పిల్లల పుస్తకాల అల్మారా దాదాపు ఖాళీగా మొదలైంది. దాన్ని నింపే పని బడిపంతుళ్ళ మీద, పంతులమ్మల మీద పడటానికి ఇదొక కారణం.

చదువుకున్న టర్కిష్ స్త్రీ అనగానే తెలుగు ప్రాంతంలో కొందరికి తెలిసిన పేరు హాలిదే ఎదిబ్. విద్యావేత్త, నవలా రచయిత్రి అయిన ఆమె రిపబ్లిక్ తొలి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ పాలనతో పొసగక ప్రవాసంలో ఉంటూ 1935లో ఢిల్లీ జామియా మిల్లియాలో ఉపన్యసించి, హైదరాబాదును కూడా చూసి, 1937లో ఆ ప్రయాణాన్ని పుస్తకం చేశారు. హాలిదే ఎదిబ్ ఇస్తాంబుల్ ఉన్నత కుటుంబాల లోకానికి చెందినవారు. దాయొగ్లు తరం వేరు. రిపబ్లిక్ బడి లేకపోతే ఆ తరంలో చాలామంది ఆడపిల్లలకు పుస్తకమే అందేది కాదు.

పల్లెబడి చరిత్రలో మరో ఘట్టం 1940లో మొదలైన గ్రామ విద్యాసంస్థలు. పల్లెలో ప్రాథమిక చదువు ముగించిన పిల్లల్ని చేర్చుకుని, అయిదేళ్ళపాటు పాఠాలతో పాటు సేద్యం, తాపీ పని, వడ్రంగం నేర్పి, ఉపాధ్యాయులుగా తిరిగి పల్లెలకే పంపిన శిక్షణాలయాలివి. ఇట్లా తయారైన మహ్ముత్ మకాల్ 1950లో అనతోలియా పల్లె దుస్థితిని ఉన్నదున్నట్టు రాసి అరెస్టయ్యాడు. విద్యార్థుల్ని కమ్యూనిస్టులుగా మారుస్తున్నారన్న నెపంతో నీరుగార్చిన ఈ సంస్థలను 1954లో మామూలు ఉపాధ్యాయ పాఠశాలల్లో కలిపేశారు. దాయొగ్లు వీటిలో చదవలేదు. అయినా బడిపంతులే పల్లె గురించి రాయాలన్న ఆనవాయితీ ఆమె కలం పట్టేనాటికి స్థిరపడి ఉంది.

ఆమె ఇస్తాంబుల్‌లో అతాతుర్క్ బాలికల ఉన్నత పాఠశాలలో చదివి, న్యాయశాస్త్రంలో చేరి పూర్తిచేయక, ప్రైవేటుగా పరీక్షలు రాసి ప్రాథమిక ఉపాధ్యాయురాలయ్యారు. 1963లో తొలి పిల్లల నవల 'తోటమాలి కొడుకు' వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1961 అక్టోబరు 30న, పశ్చిమ జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం చేసుకుంది. రాబోయే పుస్తకాలకు ముడిసరుకు ఈ ఒప్పందమే.

ఆ ఒప్పందం నడిచిన తీరు కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. జర్మనీ కార్మిక శాఖ ఇస్తాంబుల్‌లో తెరిచిన కార్యాలయంలో జర్మన్ వైద్యులు అభ్యర్థుల్ని గుంపులుగా నిలబెట్టి, బట్టలు విప్పించి, పళ్ళు, ఊపిరితిత్తులు, మూత్రం పరీక్షించేవారు. సంతలో ఎద్దు పళ్ళు పట్టిచూసే బేరం ఎరిగిన రైతులకు ఆ అవమానం ఒకరు విప్పిచెప్పవలసినది కాదు. నెగ్గినవాళ్ళు సిర్కెజీ స్టేషన్లో రైలెక్కి రోజుల తరబడి ప్రయాణించి మ్యూనిక్ చేరేవారు. చమురు సంక్షోభంతో 1973 నవంబరులో జర్మనీ ఈ నియామకాలు ఆపేసేలోగా ఏడు లక్షలకు పైబడి వెళ్ళారు. వాళ్ళలో భర్తను, పిల్లల్ని ఊళ్ళో వదిలి ఒంటరిగా వెళ్ళిన స్త్రీలూ ఉన్నారు. కదిరి, రాయచోటి వైపు నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి పోయిన తల్లుల కథ తెలిసినవాళ్ళకు ఇక్కడ కొత్తగా చెప్పవలసింది తక్కువ.

పిల్లలు అవ్వాతాతల దగ్గరో, పిన్నమ్మల దగ్గరో మిగిలారు. 1971లో వచ్చిన 'ఫదీష్' తల్లిదండ్రులకు దూరమై బంధువుల పంచన పెరిగే ఓ చిన్నపిల్ల కథ. టర్కీలో తరతరాల పిల్లలు చదివిన నవల. 1975 నాటి 'వెనక మిగిలినవాళ్ళు' పెద్దల కోసం రాసిన కథల సంపుటి. జర్మనీకి చేరిన కుటుంబంలోని పిల్లవాడి బెంగను 1977లో 'నా దేశం మీద బెంగ' చెప్పింది. ఆ ఏడే ఆమె ఉద్యోగం వదిలి పూర్తికాలం రచనకు మళ్ళారు.

ఈ పుస్తకాల్లో ఒక లోపం దాచదగ్గది కాదు. కథ ఎంత బాగా సాగుతున్నా ఎక్కడో ఒకచోట పంతులమ్మ గొంతు వినపడుతుంది; కష్టపడి చదివితే గట్టెక్కుతావన్న భరోసా కథ మోయగలిగినదానికంటే బరువుగా ఉంటుంది. చెన్నేకొత్తపల్లి ప్రకృతిబడి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' మాసపత్రికలో పిల్లలే స్వయంగా రాసిన కథలు అచ్చుకావడం ఇందుకు భిన్నమైన దారి, కొన్నిసార్లు మెరుగైన దారి కూడా. అయితే సుగ్గికి పోయిన కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడిచిన నేల మీద, ఆ పిల్లల్ని ఒక నవల నిండా నిలబెట్టే ఓపిక గల ఉపాధ్యాయులు తక్కువ. దాయొగ్లుకు ఉన్నది ఆ ఓపికే.

1983 నవంబరులో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది: తిరిగి వెళ్ళిపోయే కార్మికుడికి 10,500 మార్కులు, పిల్లవాడికి 1,500 మార్కుల చొప్పున అదనం. ఇట్లా వచ్చినవాళ్ళ గురించి దాయొగ్లు 1986లో 'తిరిగొచ్చినవాళ్ళు' సంపుటి తెచ్చారు. జర్మన్ బడుల్లో పెరిగిన పిల్లలకు టర్కిష్ పాఠాలు అంతుపట్టకపోవడంతో ప్రభుత్వం కొన్ని ఉన్నత పాఠశాలల్లో వాళ్ళ కోసం జర్మన్ మాధ్యమం పెట్టి, జర్మనీ నుంచి ఉపాధ్యాయుల్ని రప్పించుకుంది. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడ బడులు చూసినవాళ్ళకు ఇది సహజంగానే తోచవచ్చు. టర్కీలో మాత్రం 1924 చట్టం నాటినుంచీ కుర్దు పిల్లలకు సొంత భాషలో బడి లేదు. వాళ్ళ భాషలో అచ్చువేయడాన్ని కూడా నిషేధించిన 2932వ నంబరు చట్టం వచ్చింది ఆ 1983 అక్టోబరులోనే; దాన్ని 1991లో రద్దు చేశారు.