కెర్బరోస్: యూనిక్స్ వర్క్‌స్టేషన్‌లో అమరిక

నెట్‌వర్క్‌లో వినియోగదారు ఎవరో, సర్వర్ ఏదో ఒకరికొకరు రుజువు చేసుకోవడానికి అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపొందిన ప్రోటోకాల్ కెర్బరోస్. పాస్‌వర్డ్ తీగ మీదికి వెళ్లకుండానే పని జరగడం దీని ముఖ్య లక్షణం. యూనిక్స్ వర్క్‌స్టేషన్‌లో దీన్ని అమర్చడమంటే వాడేవారి గుర్తింపుతోపాటు ఆ యంత్రానికీ ఒక గుర్తింపు ఇవ్వడం.

పేరు

గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారానికి కాపలా ఉండే మూడు తలల కుక్క పేరు ఇది. ఆ తలలు క్లయింట్, సర్వర్, కీ పంపిణీ కేంద్రం అని చెప్పడం బాగా ప్రచారంలో ఉంది. ధ్రువీకరణ, వాడకపు లెక్క, తనిఖీ అనే మూడు కాపలాలు పెట్టాలనుకున్నారనీ, చివరి రెండూ అమలుకు రాలేదనీ మరో వివరణ. ఇది ప్రోటోకాల్ రాతల్లోనే కనిపిస్తుంది కనుక దీనికే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

నేపథ్యం

డిజిటల్, ఐబీఎం కంపెనీల సహకారంతో 1983లో మొదలైన ఎథీనా ప్రాజెక్టు విద్యార్థుల కోసం క్యాంపస్ అంతటా వర్క్‌స్టేషన్లు పెట్టింది. అందరూ వాడే ఆ యంత్రాల రూట్ పాస్‌వర్డ్ దాదాపు బహిరంగ రహస్యం. 'ఈ యంత్రం నుంచి వచ్చాడు కనుక ఇతను ఫలానా' అని నమ్మే బర్కిలీ యూనిక్స్ పద్ధతి అక్కడ చెల్లలేదు. నీడమ్, ష్రోడర్ 1978లో ప్రచురించిన ప్రోటోకాల్‌కు డెన్నింగ్, సాకో 1981లో సూచించిన కాలముద్ర తోడై కెర్బరోస్‌కు పునాది అయింది.

మొదటి 3 వెర్షన్లు సంస్థ లోపలే ఉండిపోయాయి. నాలుగో వెర్షన్ ప్రధాన రూపకర్తలుగా స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ పేర్లు చెబుతారు. ఆ వెర్షన్ పుట్టిన ఏడాది విషయంలో లెక్కలు ఒక్కటిగా లేవు. యూసెనిక్స్ సదస్సు పత్రాన్ని బట్టి కొందరు 1988 అంటారు, సోర్సు కోడ్ బయటికి వచ్చినదాన్ని బట్టి కొందరు 1989 అంటారు. బయటివారి చేతికి అందిన ఏడాది కనుక రెండోది వాడుక చరిత్రకు అనువైనది.

పనితీరు

కీ పంపిణీ కేంద్రం దగ్గర ప్రతి వినియోగదారు కీ, ప్రతి సేవ కీ ఉంటాయి. లాగిన్ సమయంలో కేంద్రం ఒక ప్రాథమిక టికెట్‌ను, దానికి జతగా ఒక సెషన్ కీని పంపుతుంది. ఆ సెషన్ కీ వినియోగదారు పాస్‌వర్డ్ నుంచి పుట్టిన కీతో ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. సరైన పాస్‌వర్డ్ కొట్టినవారికే అది విప్పుకుంటుంది. తరవాత ఏ సేవ కావాలన్నా ఆ టికెట్ చూపి, ఆ సేవకు వేరే టికెట్ తీసుకోవాలి. టికెట్‌కు గడువు ఉంటుంది. నాలుగో వెర్షన్‌లో గడువును 5 నిమిషాల చొప్పున ఒకే బైట్‌లో రాసేవారు కనుక 21 గంటల 15 నిమిషాలకు మించేది కాదు. ఐదో వెర్షన్ ఈ కట్టడిని తీసేసింది.

వర్క్‌స్టేషన్‌లో అమరిక

మొదట గడియారం. కేంద్రానికీ యంత్రానికీ తేడా సాధారణంగా 5 నిమిషాలు దాటితే టికెట్లు చెల్లవు. అందుకే సమయాన్ని ఎన్‌టీపీకి (నెట్‌వర్క్‌లో గడియారాలను కలిపి ఉంచే ప్రోటోకాల్‌కు) అప్పగించాకే మిగతా పని. రెండోది యంత్రం పూర్తి డీఎన్‌ఎస్ పేరు. పేరు నుంచి చిరునామాకూ, చిరునామా నుంచి పేరుకూ పొంతన లేకపోతే చాలాచోట్ల అక్కడే చిక్కు వస్తుంది.

ఆ తరవాత ఈటీసీ డైరెక్టరీలోని కేఆర్‌బీ5 కాన్ఫ్ ఫైలులో రెల్మ్ (ఒక కేంద్రం కిందికి వచ్చే పరిధి) పేరు, కేంద్రం చిరునామా రాస్తారు. రెల్మ్ పేరును పెద్ద అక్షరాల్లో రాయడం ఆనవాయితీ. చిన్న, పెద్ద అక్షరాలను ప్రోటోకాల్ వేర్వేరుగా చూస్తుంది. కేంద్రం వినే పోర్టు 88. కినిట్ కమాండ్‌తో టికెట్ తెచ్చుకుని, కేలిస్ట్‌తో చూసుకుంటే సగం పని అయినట్టు.

చాలామంది ఆ సగం దగ్గరే ఆగిపోతారు. పాస్‌వర్డ్‌తో సెషన్ కీ విప్పుకున్నంత మాత్రాన లాగిన్ ఇచ్చేస్తే, దొంగ కేంద్రాన్ని నిలబెట్టి తనకు తెలిసిన పాస్‌వర్డ్‌తో జవాబు ఇప్పించుకున్నవాడు ఎవరి పేరుతోనైనా లోపలికి రాగలడు. దీనికి విరుగుడు యంత్రానికి సొంత కీ. కేఅడ్మిన్‌తో యంత్రం పేరిట ఒక గుర్తింపు (హోస్ట్ ప్రిన్సిపల్) సృష్టించి, దాని కీని కీట్యాబ్ ఫైలులోకి దించుతారు. వినియోగదారు టికెట్‌తో ఈ యంత్రానికే ఒక టికెట్ తీసుకుని, కీట్యాబ్‌తో విప్పి చూస్తే అసలు కేంద్రమేదో తేలుతుంది. ఆ ఫైలును రూట్ ఒక్కరే చదవగలగాలి. కేటీయాడ్ కమాండ్ మామూలుగా ప్రతిసారీ కొత్త కీ తయారుచేస్తుంది కనుక, అంతకుముందు దించిన కాపీ పనికిరాకుండా పోతుంది.

చివరగా పామ్. సన్ కంపెనీకి చెందిన విపిన్ సమర్, చార్లీ లాయ్ 1995లో ప్రతిపాదించిన ఈ ఏర్పాటు వల్ల లాగిన్ ప్రోగ్రామును ముట్టుకోకుండానే కెర్బరోస్ మాడ్యూల్‌ను చేర్చవచ్చు. పామ్ అమరిక ఫైళ్లు మార్చేటప్పుడు ఒక రూట్ సెషన్ తెరిచి ఉంచుకోవాలి. ఒక్క పొరపాటు వరస చాలు, ఎవరూ లోపలికి రాలేకపోవడానికి.

యూజర్ నంబరు, హోమ్ డైరెక్టరీ వంటి వివరాలను కెర్బరోస్ ఇవ్వదు. ఎథీనాలో ఆ పని హెసియడ్ అనే సేవ చేసేది. ఇతరచోట్ల నిస్, తరవాత ఎల్‌డాప్ చేశాయి. నిస్ తొలి పేరు ఎల్లో పేజెస్. బ్రిటన్‌లో అది బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్కు కావడంతో మార్చారు. దాని కమాండ్ల ముందు 'వైపీ' మాత్రం అలాగే మిగిలింది.

లోపాలు, సవరణలు

నాలుగో వెర్షన్‌లో ఎవరు అడిగినా ఎన్‌క్రిప్ట్ చేసిన జవాబు వచ్చేది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించవచ్చని బెలోవిన్, మెరిట్ 1990లో హెచ్చరించారు. 1993లో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1510గా వెలువడిన ఐదో వెర్షన్ ముందస్తు ధ్రువీకరణకు చోటిచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న మూలపత్రం 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4120. దానికి తరవాత సవరణలు వచ్చాయి. డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి 56 బిట్ల కీలను 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6649 పక్కనపెట్టింది.

ఎన్‌క్రిప్షన్ ఎగుమతిపై అమెరికా ఆంక్షల వల్ల స్వీడన్‌లో హైమ్‌డాల్ పేరుతో వేరే అమలు తయారైంది. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ డొమైన్లలో డిఫాల్ట్ పద్ధతి కెర్బరోసే. నేడు యూనిక్స్, విండోస్ యంత్రాలు ఒకే కేంద్రం నుంచి టికెట్లు తీసుకోగలవు.