పోనని మొరాయించే ఫోల్డరు – ఒక నామచరిత్ర



ఈ రోజుల్లో చాలామంది ఇళ్ళలో ఒక మూల చిన్న పెట్టె ఉంటోంది. అందులో రెండు మూడు హార్డ్ డిస్కులు, వాటిని నడిపే ఒక చిన్న కంప్యూటరు. ఇంటిల్లిపాది ఫైళ్ళూ నెట్‌వర్కు ద్వారా వెళ్ళి అందులో చేరతాయి. నాస్ అని దాని వ్యవహారనామం. ఆ పెట్టె ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటుంది: ఒక ఫోల్డరు పోనంటుంది. తొలగించమంటే "ఖాళీగా లేదు" అంటుంది. తెరిస్తే ఏమీ కనబడదు. లేదా "అటువంటిది లేదు" అంటుంది. ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. దీన్ని యంత్రపు మొండితనమని సరిపెట్టుకోవడం పరిపాటి. ఏళ్ళ తరబడి పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక నాకు ఇందులో వేరొకటి తోచింది. వేర్వేరు కాలాల్లో పుట్టిన నామవ్యాకరణాలు ఆ పెట్టెలో కలిసి కాపురం చేస్తున్నాయి. వాటి మధ్య వచ్చే పొరపొచ్చాలకే మనం మొండితనమని పేరు పెట్టాం.

మొదటి వంశం యునిక్స్‌ది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు దానికి శ్రీకారం చుట్టారు. అందులో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఫైలుకు అసలు గుర్తు ఐనోడ్ అనే సంఖ్య. ఫోల్డరంటే పేర్లూ, వాటికెదురుగా ఆ సంఖ్యలూ రాసుకున్న పట్టిక. బడిలో హాజరుపట్టీ వంటిది. తొలగించడమంటే పట్టీలో పేరు కొట్టివేయడమే. ఒకే ఫైలుకు రెండు పేర్లుంటే ఒకటి కొట్టివేసినా ఫైలు ఉంటుంది. చివరి పేరు పోయి, దాన్ని తెరిచి ఉంచిన చివరి ప్రోగ్రాము కూడా మూసివేసిన తరువాతే డిస్కులో ఆ చోటు ఖాళీ అవుతుంది. పేరు కొట్టే అధికారం కూడా ఫైలును బట్టి కాక, ప్రధానంగా ఆ పట్టీని దిద్దే అధికారాన్ని బట్టి వస్తుంది. "ఫైలు నాదే, ఎందుకు పోదు?" అనే వాదం అక్కడ చెల్లదు. అది ఉన్న ఫోల్డరు ఎవరి చేతిలో ఉందో చూడాలి.

రెండవ వంశానికి మూలపురుషుడు గేరీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎమ్. అందులో తెర, కీబోర్డు, ప్రింటరు వంటి పరికరాలకు కూడా పొట్టి పేర్లుండేవి. టిమ్ పాటర్సన్ 1980లో రాసిన డాస్ మూలరూపం ఆ ఆనవాయితీని అందిపుచ్చుకుంది. 1981లో ఐబీఎమ్ పీసీతో వెలువడిన డాస్‌లో ఫోల్డర్లే లేవు. అవి 1983లో రెండవ వెర్షనుతో వచ్చాయి. ఫోల్డర్లు లేనినాడు పరికరం పేరు ఎక్కడ రాసినా పరికరమే. పాత ప్రోగ్రాములు చెడకూడదని ఆ నియమాన్నే ప్రతి ఫోల్డరుకూ వర్తింపజేశారు. అలా "కాన్", "ఆక్స్", "నల్" వంటి ఆంగ్ల పొట్టి పేర్లు నిషిద్ధనామాలై, వారసత్వంగా విండోస్‌లోకి దిగివచ్చాయి.

ఈ రెండు వంశాలకూ తరువాత వియ్యం కుదిరింది. ఒక కంప్యూటరు ఫైళ్ళను మరొకటి వాడుకునేందుకు ఐబీఎమ్‌లో బారీ ఫైగెన్‌బామ్ 1983లో ఎస్‌ఎమ్‌బీ అనే సంభాషణ పద్ధతిని రూపొందించారు. 1991–92లో ఆస్ట్రేలియా దేశపు కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, నెట్‌వర్కు మీద పోయే సందేశాలను గమనించి యునిక్స్ యంత్రం చేత కూడా అటువంటి సంభాషణ చేయించారు. తరువాత దానికి కొత్త పేరు కావలసి వచ్చి, ఎస్, ఎమ్, బీ అక్షరాలు ఆ వరుసలో ఉన్న మాటకోసం నిఘంటువు ఫైలు వెదికితే "సాంబా" దొరికింది. ఇళ్ళలోని నాస్ పెట్టెల్లో చాలావాటిలో లోపల లైనక్స్, వాకిట్లో దుబాసీగా సాంబా. లోపలి లైనక్స్ "ఆక్స్" అనే ఫోల్డరును నిస్సంకోచంగా సృష్టిస్తుంది. అటువంటి పేర్లకు సాంబా ఒక పొట్టి మారుపేరు తగిలించి విండోస్‌కు చూపగలదు. ఆ ఏర్పాటు లేనిచోట విండోస్ తెల్లబోతుంది.

ఖాళీగా కనబడుతూనే ఖాళీగా లేని ఫోల్డరు కథ వేరు. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ తొలి రూపాలలో, ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వరు గుర్తుపెట్టుకోదు. తెరిచి ఉన్న ఫైలును తొలగించమంటే, అడిగిన కంప్యూటరే దానికి చుక్కతో మొదలయ్యే దాగుడుపేరు పెట్టి ఊరుకుంటుంది. ఈ పద్ధతికి "వెర్రి నామకరణం" అనే అర్థం వచ్చే ఆంగ్ల నామమే స్థిరపడింది. తెరిచిన ప్రోగ్రామును మూస్తే ఆ ఫైలు తనంతట తానే పోతుంది. అంతవరకూ ఫోల్డరు కదలదు.

ఇక మన తెలుగు సంగతి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షనులోనే తెలుగుకు చోటు దక్కింది. 1992లో అదే థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 కల్పించారు. అందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. లైనక్స్ ఫైలు వ్యవస్థలు సాధారణంగా పేరును అక్షరాలుగా కాక, బైట్ల వరుసగానే చూస్తాయి. ఇక్కడే చిక్కు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం రాసి, కింది గుర్తును విడిగా చేర్చీ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం, కంటికీ సమానమే. బైట్లు మాత్రం వేరు. ఆపిల్ వారు 1998లో తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఇటువంటివాటిని విడదీసి దాచేది. పొల్లు చివర కొన్ని టైపు ఉపకరణాలు చేర్చే కనబడని విభజకం కూడా ఇంతే: ఒకే పేరుకు రెండు దేహాలు.

మా ఇంటి పెట్టెలో "శైలి" అనే ఫోల్డరు ఇలాగే మొరాయించింది. పెట్టెలో ఉన్నది విడదీసిన రూపం. మా కంప్యూటరు అడుగుతున్నది కలిపిన రూపం. కనుక జాబితాలో ఉన్నా, తెరవబోతే లేదు, తొలగించబోతే లేదు. పాడైపోయిందనీ, బలవంతంగా తుడిచివేయాలనీ ఇంట్లోవారి తీర్పు. నేను పెట్టెలోకే ప్రవేశించి, ఐనోడ్ సంఖ్యతో దాన్ని పట్టుకుని, ముందు వేరే పేరు పెట్టాను. తెరిచి చూస్తే మా గురువుగారి చేతిరాత ఛందస్సు పుస్తకపు స్కాన్లు. ఆ కాగితాలు చెదలపాలై చాలాకాలమైంది. కలిపిన రూపంలో మరొక "శైలి" కూడా అక్కడే ఉండి ఉంటే, ఇది పొమ్మన్నప్పుడు అది పోయేది.

కనుక వరుస ఇది. ముందు ఆ ఫోల్డరును తెరిచి ఉంచిన ప్రోగ్రాములన్నీ మూయండి. దాగిన ఫైళ్ళు చూడండి. పై ఫోల్డరు అధికారాలు చూడండి. అప్పటికీ కదలకపోతే పెట్టెలోకే వెళ్ళి ఐనోడ్ సంఖ్యతో పేరు మార్చి, లోపల ఏముందో చదవండి. తుడిచివేత ఆ తరువాతి మాట. "కైఫీయతులు", "వైద్యం", "మైత్రి" – ఐత్వమున్న పేర్లు మీ పెట్టెల్లో కూడా ఉండే ఉంటాయి. ఒకసారి తెరిచి చూసుకోండి.