దూరవిద్యలో పాఠ్యపుస్తకం: అచ్చు నుంచి తెరకు

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. తరగతికి రాలేని విద్యార్థికి అచ్చు పుస్తకమే గురువు. అందుకే పాఠాలను స్వయంగా చదివి అర్థం చేసుకొనేలా రాయించారు. 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం తరువాతి కాలంలో తన పాఠాలను ‘ఈ-జ్ఞానకోశ్’ ద్వారా ఇంటర్నెట్‌లో ఉంచింది. 2020 లాక్‌డౌన్‌లో చాలామందికి ఫోన్ తెరే పుస్తకమైంది.

ఈ మార్పును సాంకేతిక ప్రగతిగా మాత్రమే చూడరాదు. అచ్చు పుస్తకాన్ని ముద్రించి విద్యార్థికి చేర్చే పని సంస్థది. డిజిటల్ పుస్తకం చదవడానికి ఫోను, డేటా సమకూర్చుకోవలసింది విద్యార్థి. ఇంట్లో ఒకే ఫోను ఉంటే, చదువుకొనే వంతు ముందు ఎవరికి వస్తుంది? డిజిటల్ పుస్తకం చదువును ఎంత చేరువ చేసిందో ఈ ప్రశ్నతో కలిపే అంచనా వేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డిజిటల్ పుస్తకాల వల్ల విద్యార్థిపై పడిన కొత్త బాధ్యతలేవి?