దోనాలీ బేరం

మీ తాత తుపాకిని మీరు అమ్ముతరంట గద, ఊరంత తెలిసిపోయింది. పొద్దుగాల హోటల్ కాడ చాయ్ తాగేటోళ్లు ధర కూడ కట్టిండ్రు. ఒకడు లక్ష అంటడు, ఇంకొకడు పది లక్షలంటడు. ఇద్దరిట్ల ఎవ్వడు దాన్ని విప్పి చూసినోడు కాదు. కూసో బిడ్డా, మంట దగ్గరికి జరుగు. మా ఇంట్లకెళ్లి దోనాలీ ఎట్ల పోయిందో చెప్త. అండ్ల నీకు పనికొచ్చేది నువ్వే ఏరుకో.

మాది గ్రీనర్ కంపెనీ దోనాలీ, అంటె రెండు నాళ్ల తుపాకి. ఇంగ్లండుల బర్మింగ్‌హామ్‌ల చేసిన పన్నెండు బోరు. మా తాత దాన్ని కొన్నప్పటికే అది ఒకరు వాడిన తుపాకి. శికారు సోకుకు కొన్నడనుకునేవు, అట్ల కాదు. మంజీరా మీద నిజాంసాగర్ 1923ల మొదలువెట్టి 1931ల కట్టుడు ముగించిండ్రు గద. కాలువలు పారినయి, వరి వచ్చె, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పుణ్యాన చెరుకు వచ్చె. చెరుకు వచ్చినంక అడివి పందులు రాకుంట ఉంటయా? ఒక్క రాత్రిల ఎకరం తోట పండవెట్టి పోతుండె. మా తాత మంచె మీద కూసొని ఆ దోనాలీ పేల్చేటోడు. ఎక్కువసార్లు ఆకాశంలకే. కారతూసులు ఖరీదు. చప్పుడుకు పందులు పోతె సాలు.

నిజాం నవాబుల సంగతి వేరే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల శికారుకు పెట్టింది పేరు. మన పోచారం అడివి సుత వాళ్ల శికారుగాహే, 1952ల అభయారణ్యం చేసిండ్రు. 1972ల వన్యప్రాణుల చట్టం వచ్చినంక శికారు ముచ్చట మెల్లమెల్లగ బందైంది. మంజీరాల దిగే సలికాలం బాతులను మా నాయిన ఒడ్డు మీద నిలవడి చూసుడే గాని, తుపాకి ఇంట్లకెళ్లి బయటికి తీయలేదు.

తర్వాత ఇంట్ల తుపాకి ఉండుడంటె భయమే అయ్యింది. అన్నల కాలం, అంటె నక్సలైట్ల కాలం, నీకు తెల్వది. ఊర్లల్ల ఎవలింట్ల లైసెన్సు తుపాకి ఉన్నదో వాళ్లకు ముందే ఎరుక ఉండె, రాత్రి తలుపు తట్టి అడిగేటోళ్లు. ఇటు పోలీసులేమో తెచ్చి జమ చేయమందురు. ఇగ ఓట్లు వచ్చినయంటె ఖాయంగ ఠాణాల పెట్టుడే. సర్పంచు ఓట్లు, ఎమ్మెల్యే ఓట్లు, ఎంపీ ఓట్లు... దోనాలీ మా ఇంట్ల ఉన్న దినాలకన్న ఠాణాల ఉన్న దినాలే ఎక్కువనిపిస్తుండె. మా నాయిన ఠాణోళ్లు ఇచ్చిన జమ చీటీ జేబుల పెట్టుకొని తిరిగేటోడు. ఒకసారి తడి ఆరని గదిల నెలల తరబడి ఉండి నాళి లోపట తుప్పు చుక్కలు లేసినయి. అప్పటికెళ్లి పట్నంల లైసెన్సున్న ఆయుధాల దుకాణంల పెట్టేటోడు. చట్టం అట్ల పెట్టనిస్తది. కిరాయి తీసుకుంటరు, అయితె నూనె పెట్టి ఉంచుతరు.

మా నాయిన తర్వాత లైసెన్సు నా పేరు మీదికి వచ్చె. అమ్మే నాటికే నాకు డెబ్బై దాటినయి. డెబ్బై ఏండ్లు నిండితె, లేకుంటె ఇరవై అయిదేండ్లు తుపాకి మన దగ్గర ఉంటె, బతికుండంగనే వారసునికి రాసియ్యొచ్చని 2016 ఆయుధాల రూల్సుల ఉన్నది. పెద్దోన్ని అడిగిన. 'నాయినా, నేను హైదరాబాద్‌ల మూడో అంతస్తుల కిరాయికుంట, అది ఏడ పెట్టాలె?' అన్నడు. అట్లనే అనాలె, వాడిది తప్పు కాదు. ఇగ అమ్ముడే అనుకున్న.

బర్రెను అమ్మాల్నంటె అంగడికి తోలుకపోయి తాడు పట్టుకొని నిలవడితె సాలు. దీన్ని అట్ల నలుగుర్ల పెట్టి అమ్మరాదు. కొనేటోనికి లైసెన్సు ఉండాలె, ఆ లైసెన్సుల ఇంకో తుపాకికి జాగ ఉండాలె. మొదలు మనిషికి మూడుండె, 2019 డిసెంబరుల ఆయుధాల చట్టం మార్చి రెండే అన్నరు. మూడోది ఉన్నోళ్లు ఏడాది లోపట వదిలించుకోవాలె. ఒక్కపారే గిన్ని తుపాకులు అమ్మకానికి వస్తె ధర ఏమైతదో నువ్వే చెప్పు. నేను అంతకు ముందే అమ్మిన, కామారెడ్డి జిల్లా కొత్తగ అయిన దినాలల్ల.

ముందుగాల పట్నంల ఒక దుకాణందారు దగ్గరికి పోయిన. తుపాకిని ఇట్ల చేతిల పట్టి అటు ఇటు తిప్పి అయిదు నిమిషాలల్ల ఒక మాట చెప్పిండు. పైసలు ఇప్పుడే ఇస్త అన్నడు. నాళ్ల కింది ముందు కర్ర సుత విప్పలేదు. అండ్లనే నాకు అర్థమైంది, విప్పి చూడకుంట చెప్పిన ధర వాడు నష్టపోయే ధరైతె కాదని.

ఇంకో దుకాణం ముసలాయన వేరే తీరు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచిండు. ముందు కర్ర తీసిండు, నాళ్లు విడగొట్టిండు. కింద చదును కాడ అద్దం పెట్టి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు చదివిండు. 1813ల పెట్టిన హౌస్ అది. ఎక్కువ బారూదు పోసి పేల్చి, పగలని నాళి మీదనే ముద్ర కొడ్తరు. నాళి మీద, కుందా లోపలి ఇనుము మీద, ముందు కర్ర మీద మూడు తావుల ఒక్కటే నంబరున్నదా అని సరిచూసిండు. ఉన్నది. అంటె ఏ ముక్కా వేరే తుపాకిది కాదు. తర్వాత వేలు నాళ్ల కొక్కానికి తగిలిచ్చి గాలిల వేలాడవెట్టి, గోరుతోని ఇట్ల టంగుమని కొట్టిండు. నాదం చాన సేపు నిలిచింది. నాళ్ల నడిమి పట్టీ అతుకు ఊడితె మొద్దు చప్పుడొస్తదంట. నాళి లోపట వెలుగుకు పట్టి చూస్తె ఆ తుప్పు చుక్కలు కనవడ్డయి. ఆయన ఏం అనలేదు, కాయిదం మీద రాసుకున్నడు.

కారతూసు గది పొడుగు కూడ కొలిచిండు. పాత ఇంగ్లీషు తుపాకులు ఎక్కువగ రెండున్నర అంగుళాలయి, అంటె దగ్గర దగ్గర 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే కారతూసులు ఎక్కువ 70వి. దూరుతయి, అయితె పేలినప్పుడు మూతి విచ్చుకునే జాగ ఉండదు, ఒత్తిడి పెరుగుతది. ఇది తెల్వకుంట పాత తుపాకి కొన్నోడు చెయ్యి పోగొట్టుకుంటడు. ఇగ మెలితిప్పిన ఇనుముతోని చేసిన నాళ్లుంటయి, మీద అలలు అలలు కనవడ్తయి, డమాస్కస్ అంటరు. అవి నల్ల బారూదు కాలం సరుకు. చూడ ముచ్చట, పేల్చ భయం.

'దీన్ని జర మెరుగు పెట్టిస్తె ధర వస్తదా?' అని అడిగిన. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టిండు. మన పక్క ఊర్ల ఒకాయన అట్లనే చేసిండు, నికెల్ పూత పూయించి కొత్త వార్నీష్ కొట్టించిండు. పూత కింద చెక్కిన పువ్వులన్నీ సాపైనయి. మంచి తుపాకి నాటకం సామాన్ లెక్క అయ్యింది. ఇట్లాంటియి కొనేటోడు పాత రంగుకే పైసలిస్తడు.

మా చిన్నోడు అమెరికల ఉంటడు గద, ఫోన్ల 'లండన్ వేలంల పెట్టు నాయినా, అక్కడ గ్రీనర్‌కు గిరాకి ఉంటది' అన్నడు. మాట మంచిదే. అయితె మా తుపాకి 1914 లడాయికి ముందటిది. కంపెనీలు ఒక్కో తుపాకి నంబరు ఖాతా పుస్తకంల రాసేటివి, నంబరును బట్టి ఏడాది తెలుస్తది. నూరేండ్లు దాటిన వస్తువు దేశం దాటిపోవద్దని 1972ల పురావస్తువుల చట్టం చేసిండ్రు. అందుకని ఆ దారి మూసుకుంది. మా తమ్ముడేమో సాలార్‌జంగ్ మ్యూజియంకు ఇద్దామన్నడు. అక్కడ నవాబుల ఆయుధాలున్నయి, రత్నాలు పొదిగిన కత్తులున్నయి. మాది పంట కాడ పందులను కొట్టిన తుపాకి, వాళ్లు ఏం చేసుకుంటరు?

ఇంకో మాట కూడ విన్న, 'గంత పాతదైతె లైసెన్సే అక్కర్లేదు' అని. ఆ మాట నమ్మకు. మరమ్మతు చేసినా పేలదన్నదానికే ఆ మినహాయింపు. మాది పేలుతది. మీ తాతది కూడ పేలుతదని నాకు తెలుసు.

ఆఖరికి ఆ ముసలాయన దుకాణంలనే కమీషన్ మీద పెట్టిన. అమ్ముడు పోయేదాక మాల్ మనదే, పోయినంక ఆయన వాటా ఆయనకు. మళ్ల ఆలస్యమైతదేమో అని ఇంట్ల మీ పెద్దమ్మ ఒకటే సతాయించింది. 1980ల నడుమకెళ్లి బయటి తుపాకులు దేశంలకు రాకుంట ఆపిండ్రు కాబట్టి మంచి ఇంగ్లీషు సరుకు తక్కువ, ఆగితె పోయేదేం లేదని నేను మొండిగ కూసున్న. కొన్ని నెలలకు పట్నంల పోటీలల్ల మట్టి పళ్లాలు కొట్టే ఒకాయన వచ్చిండు. లైసెన్సుల జాగ ఉన్నది. తుప్పు చుక్కలు చూసి గులిగిండు, కొంత తగ్గించిన.

నడుమ దుకాణం లేకుంట సీద కొనేటోనికే అమ్మితె ఎట్లనో కూడ అడిగి తెలుసుకున్న. కలెక్టరుకు గాని, దగ్గరి ఠాణాకు గాని రాసియ్యాలె. ఎవలికి అమ్ముతున్న, ఆయన పేరేంది, ఊరేంది అని. రాసిచ్చినంక నలభై అయిదు దినాలు ఆగాలె. కమీషన్ మిగుల్తది. కొనేటోన్ని మనమే వెతుక్కోవాలె, ఆయన లైసెన్సు అసలుదో కాదో మనమే చూసుకోవాలె. అంత తిరుగుడు నాతోని కాలేదు. నీకు వయసున్నది, నువ్వు తిరుగొచ్చు.

ఒకటి మరిచిన. మా అటక మీద తోలు పెట్టె ఉండె, మీ పెద్దమ్మ అండ్ల భూమి పాస్‌బుక్కులు పెట్టింది. అది తుపాకి పెట్టెనే, మూత లోపట కంపెనీ కాయిదం అంటిచ్చి ఉన్నది. అది తీసుకపోయి పక్కన పెట్టంగనే ఆ కొన్నాయన తగ్గించుమన్న ధరల సగం తిరిగొచ్చింది. మీ ఇంట్ల సుత వెతుకు. నాళి తుడిచే కర్ర, పాత రసీదు, కొన్ననాటి చిట్టీ, ఏది దొరికినా పారెయ్యకు.

ఇప్పుడు నీ సంగతి. మీ తాత పోయి నెల దాటింది. లైసెన్సు ఆయన పేరు మీద ఉన్నది, ఆయన లేడు. ఇగ ఆ తుపాకి నీ ఇంట్ల ఉండుడు నీకు మంచిది కాదు, ఎవలు ఎంత ధర చెప్పనీ. రేపు పొద్దుగాల దాన్ని ముట్టకుంట నువ్వొక్కనివే ఠాణాకు పో. లైసెన్సు బుక్కు, డెత్ సర్టిఫికెట్ పట్టుకపో. ఎస్సైకి చెప్పి, వాళ్లు చెప్పినట్లు జమ చేసి, నంబరు రాసిన చీటీ తీసుకో. వారసులంత ఒక్క కాయిదం మీద దస్తఖతు పెట్టుండ్రి, మీ మేనత్తను కూడ పిలువుండ్రి, ఆమెకు చెప్పకుంట చేస్తె ఊర్కోదు. దుకాణపోడు ఎవడన్న ఫోన్ చేస్తె మాత్రం నెల దాకా ఏ మాట ఇయ్యకు.