నూరు కోసుల రాస్తా, జేబులో నక్షా



గోల్కొండ నుంచి బందరుకు, అంటే మచిలీపట్నానికి, సూటిగా వెళ్తే నూరు కోసులు. కొల్లూరు వజ్రాల గని మీదుగా వెళ్తే 112. ఈ లెక్క రాసిపెట్టినవాడు 17వ శతాబ్దంలో మన దక్కన్‌లో తిరిగిన ఫ్రెంచి జవహరీ టావెర్నియర్. ఈరోజు హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద బందరుకు దాదాపు 340 కిలోమీటర్లు. ఆ పాత లెక్కకు దీన్ని జోడిస్తే కోసుకు మూడున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. కొలిచే యంత్రాలేవీ చేతిలో లేని ముసాఫిర్ల అంచనా అది. బురా నహీఁ!

ఆ రాస్తాను ముక్కలు ముక్కలుగా సైకిల్ మీద చూస్తున్నాను. హ్యాండిల్‌కు ఫోన్ బిగించి ఉంటుంది. సిగ్నల్ లేని చోట ఫోన్ ఎలా దారి చూపిస్తుందని చాలామంది అడుగుతారు. జీపీఎస్‌కు ఇంటర్నెట్‌తో పని లేదు. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ జాగా, తమ వక్త్ చెబుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వినపడితే చాలు, మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్క కట్టుకుంటుంది. నక్షాను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, డేటా ఆపేసి, తెర ఆర్పేసి, మలుపు దగ్గర మాత్రం మాట వినిపించేలా పెట్టుకుంటే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. వెనక లారీ హారన్ వినపడాలి.

అదే ఫోన్ ఖిబ్లా కూడా చూపిస్తుంది. ఈ రెండు పనులూ ఒకే ఇల్మ్‌కు చెందినవి. అల్ బీరూనీ 1025లో ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తేల్చే పద్ధతుల మీద పూర్తి చేసిన కితాబ్‌లో ఆయన ముందు పెట్టుకున్న సవాలు గజ్నీ నుంచి ఖిబ్లా ఏ దిక్కున ఉందన్నదే. నమాజ్ కోసం మొదలైన హిసాబ్ అది.

ఇక ఫోన్‌కు తెలియనిదాని గురించి. బందరు అని కొడితే అది చౌటుప్పల్, నార్కెట్‌పల్లి, సూర్యాపేట మీదుగా నాలుగు వరుసల రోడ్డు మీదికి తోస్తుంది. దానికి జల్దీ కావాలి. వజ్రాల గని దారిలో టావెర్నియర్ రాసుకున్న మంజిళ్ళు వేరు: హయత్‌నగర్, పంతంగి, నల్గొండ పక్కన పానగల్లు. ఫ్రెంచి కలం కింద వాటి పేర్లు వంకర్లు పోయాయి. హయత్‌నగర్ ఆయన దగ్గర ‘జతేనగర్’ అయింది. పంతంగిని ఇప్పుడు చాలామందికి టోల్ గేట్ పేరుగానే తెలుసు. పాత దారి పట్టుకోవాలంటే హైవేలు వద్దని సెట్టింగ్‌లో చెప్పి, ఒక్కొక్క మంజిల్‌నూ మనమే పిన్ చేయాలి.

హయత్‌నగర్ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు ఆమె. ‘మా సాహెబా’ అని పిలిచేవారు. అక్కడి మస్జిద్ సహన్ చుట్టూ ముసాఫిర్ల కోసం సరాయి గదులు, దగ్గర్లో హాథీ బావి. నీళ్ళు, వుజూ, నమాజ్, నిద్ర, అన్నీ ఒకే చోట. గోల్కొండకు తూర్పున ‘తెనారా’ అని తాను రాసిన చోట ఒక సరాయిలో రోజూ బీదలకు రొట్టె, అన్నం, వండిన కూరలు ఖైరాత్ ఇచ్చేవారని టావెర్నియర్ చెబుతాడు. ఇతరులు వండింది తినని హిందూ బాటసారులకు పిండి, కాస్త నెయ్యి విడిగా ఇచ్చేవారట. ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎవరి చేతి వంట ఎవరు తినరో తెలిసి, మనసు నొప్పించకుండా పెట్టడం మేజ్‌బానీ. మా పిల్లలకు కుతుబ్ షాహీల తారీఖ్ చార్మినార్‌తో కాకుండా ఈ పిండీ నెయ్యితో మొదలుపెట్టి చెబుతాను.

ఇంకో సంగతి. బందరు నియ్యత్‌తో బయల్దేరినవాడు ఊరి ఆబాదీ దాటగానే కస్ర్ చేస్తాడు. నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండవుతుంది. దీనికి వెళ్ళే దూరం 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్ల పైచిలుకు ఉండాలని మన హనఫీ ఉలమా లెక్క. ఆ రోజుల్లో హయత్‌నగర్ షహర్ బయటి మంజిల్. అక్కడ జుహర్ చదివిన ముసాఫిర్‌కు రెండు రకాత్‌లే. ఇప్పుడు ఇళ్ళు తెగకుండా అక్కడిదాకా, ఇంకా ముందుకూ సాగాయి. అదే మస్జిద్‌లో హైదరాబాదీ సైకిల్‌వాలా నాలుగూ చదవాల్సిందే. షహర్ ఎంత పెరిగిందో ఇంతకన్నా సాఫ్‌గా చెప్పే కొలత నాకు కనపడలేదు. ఊరి హద్దు ఎక్కడన్న మసలా మాత్రం మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి, ఫోన్‌ను కాదు.

గని దారి కృష్ణ దాటి కొల్లూరు చేరుతుంది. అక్కడ దాదాపు 60,000 మంది పని చేస్తుండగా చూశానని టావెర్నియర్ రాశాడు. ఫోన్‌లో ఆ తావున ఇప్పుడు నీలం రంగు కనిపిస్తుంది. పులిచింతల జలాశయం అది.

నీళ్ళ కింద పోయినదాన్ని తేలేం. కానీ నేల మీద నిలిచి ఉన్న సరాయి గోడలు, బావులు, దర్గాలు, పాత ఖబ్రస్తాన్‌లు కూడా చాలా నక్షాల్లో లేవు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఖాతా తెరిచి చోటు గుర్తు పెట్టొచ్చు, పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాయొచ్చు. మీ ఊళ్ళో బుజుర్గులను ఆ బావిని ఏమని పిలిచేవారో అడగండి. ఉర్దూ పేరు వాళ్ళకు గుర్తుంటుంది, తెలుగు పేరు పక్కింటివాళ్ళకు తెలిసే ఉంటుంది. రెండూ ఎక్కించండి.