పాత పెద్ద బండి కొనేముందు దాని పుట్టుక తెలుసుకోవాలె

పంట పైసలు చేతికొచ్చే రోజులు కదా, ఈ నెలలో ముగ్గురు నలుగురు ఒకటే మాట అడిగిండ్రు. "నాలుగైదు లక్షలల్ల పాత స్కార్పియోనో బొలెరోనో చూస్తున్న, ఇంకో పదేండ్లు నడుస్తదా అన్నా?" అని. ఫోన్లో ఒక్క మాటతో తెగే ముచ్చట కాదిది. బండి ఎన్నేండ్లు నిలబడ్తదన్నది అమ్మేటోని నోట్లో దొరకదు. దాని ఇంజన్ ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో ఏం మార్చిండ్రు, ఎందుకు మార్చిండ్రు అన్న కథలో దొరుకుతది. అందుకే ఈసారి జర పొడుగు రాస్తున్న, ఓపికతో చదువుర్రి.

మనకు పెద్ద బండి షోకు కాదు. 2021లో పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి వచ్చినప్పటి నుంచి మన అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల రైతుకు బండి అవసరం ఇంకా పెరిగింది. పొద్దుగాల పెట్టెలు ఎక్కియ్యాలె, అర్ధరాత్రి ఎవరికన్న పానం బాగలేకుంటే ఎల్బీనగర్ దవాఖానకు ఉరకాలె. ఇంజన్ పని లేచిందంటే ఒక పంట పెట్టుబడి షెడ్డులోనే పోతది.

కథ జీపుతోనే మొదలుపెట్టాలె. అది పొలం కోసం పుట్టింది కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టింది. 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఉక్కు వ్యాపారం పెట్టిండ్రు. దేశం విడిపోయినంక భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయిండు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అంతకు ముందే, 1947 నుంచే, విల్లీస్ జీపు సామాన్లు తెప్పించి ఇక్కడ బిగించుడు మొదలైంది. నా ఈడు వాళ్లకు యాదుంటది, సమితి ఆఫీసు జీపుకు స్టీరింగ్ ఎడమ పక్కన ఉండేది. మనకు డ్రైవర్ కూసోవాల్సిన తావు అదికాదని చిన్నప్పుడు వింతగా చూసేటోళ్లం.

ఆ జీపు ఎందుకు అన్నేండ్లు నడిచింది? కింద నిచ్చెన లెక్క గట్టి ఇనుప చాసిస్, దాని మీద వేరేగ బాడీ, నాలుగు పక్కల కమాన్ కట్టలు. పానాలు ఉంటే ఊరి మేస్త్రి కూడా విప్పి బిగించేటోడు. దాని రోగం ఒక్కటే, పెట్రోల్ తాగుడు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగపట్టినంక ఆ రోగం అందరికీ తెలిసొచ్చింది. ఇక్కడ మన రైతులకు సంబంధించిన ముచ్చట ఉంది. 1963లోనే మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి బి-275 ట్రాక్టర్ చేసుడు మొదలుపెట్టిండ్రు. ఆ ట్రాక్టర్ డీజిల్ ఇంజన్నే తర్వాత జీపులో కూసోబెట్టిండ్రు. అంటే డీజిల్ జీపు మన దుక్కి నుంచే రోడ్డెక్కింది. మోత ఎక్కువ, ఉరుకుడు తక్కువ, కానీ చావదు.

80ల్లో ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ డీజిల్ ఇంజన్ వచ్చింది. జీపు, కమాండర్, అర్మడా, ఆఖరికి 2000లో వచ్చిన బొలెరో దాకా ఆ వంశమే నడిచింది. బజాజ్ టెంపో ట్రాక్స్‌లో ఉన్నది జర్మనీ మెర్సిడెస్ ఇంజన్ వంశం. కమాండర్లు, ట్రాక్స్‌లు విజయవాడ రోడ్డు మీద పైన పదిమంది, వెనుక వేలాడుతూ నలుగురు, గట్ల ఏండ్లకేండ్లు నడిచినయి. చట్టం ఒప్పుకోదు, నేనూ మెచ్చుకోను, కానీ ఇంజన్‌కు అంతకన్న కఠినమైన పరీక్ష ఏ కంపెనీ పెట్టలేదు. 1994లో టాటా సుమో దిగింది. ఆ పేరు జపాన్ పహిల్వాన్లది అనుకుంటరు చాలామంది. టాటా మోటార్స్‌ను నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ పేర్లోని ముందు అక్షరాలవి.

ఈ బండ్లన్నిటికీ ఒక పోలిక ఉంది. డీజిల్ పంపు చేతి యంత్రం లాంటిది, కంప్యూటర్ లేదు. డీజిల్లో జర చెత్త వచ్చినా ఫిల్టర్ మార్చి పంపు గాలి తీస్తే మళ్లీ స్టార్ట్. అందుకే ఇయ్యాల కూడా 2005కు ముందు బొలెరో నడుస్తూ కనబడితే ఆశ్చర్యం లేదు.

2000 జనవరిలో టొయోటా క్వాలిస్ వచ్చింది. అది ఇండోనేసియాలో కిజాంగ్ అని 1977 నుంచి నడుస్తున్న బండి వంశం. చూడటానికి డబ్బా లెక్కనే, కానీ ట్రావెల్స్ వాళ్లు దాన్ని ఇడువలే. బాగా అమ్ముడుపోతుండంగనే 2005లో బంద్ చేసి ఇన్నోవా తెచ్చిండ్రు. పాత ఇన్నోవా రెండున్నర లీటర్ల ఇంజన్ లక్షల కిలోమీటర్లు తిరుగుతదని అందరికీ ఎరుకే, ఒక్క సంగతి మాత్రం అమ్మేటోడు చెప్పడు. దానికి టైమింగ్ బెల్టు ఉంటది, లక్షా యాభై వేల కిలోమీటర్లకు మార్చాలె. మార్చకుంటే ఒకనాడు రోడ్డు మీద తెగి వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతయి. మార్చిన బిల్లు చూపెట్టకుంటే ఆ ఖర్చు ధరలో నుంచి తీసేయుర్రి.

2002లో స్కార్పియో వచ్చింది. పవన్ గోయెంకా అనే ఇంజనీర్ ముందుండి నడిపిండు, నాసిక్‌లో తయారైంది. మన దేశపు కంపెనీ సొంతంగా ఇంత పెద్ద బండి చేయగలదా అని నవ్వినోళ్లున్నరు. తర్వాత కామన్ రైల్ వచ్చింది, 2008 తర్వాత 2.2 లీటర్ల ఎంహాక్ వచ్చింది. నా లెక్కలో పాత స్కార్పియో కొనాల్నంటే ఎంహాక్ వచ్చినంకటిదే చూడాలె.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలె. కామన్ రైల్ అన్నది పెద్ద గీత. పొగ తగ్గాలని ప్రభుత్వం ఒక్కో మెట్టు నియమాలు పెంచుకుంటూ వచ్చింది. హైదరాబాద్ లాంటి పట్టణాల్లో 2010లో బీఎస్-4, దేశమంతా 2017లో, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి. బొలెరో కూడా 2011లో కామన్ రైల్‌కు మారింది. ఇందులో డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో సన్నని రంధ్రాల నుంచి చిమ్ముతది. బలం పెరిగింది, పొగ తగ్గింది, మైలేజ్ వచ్చింది. కానీ మనలో చాలామంది ట్రాక్టర్ కోసం ఇంట్లో డ్రమ్ములో డీజిల్ పెట్టుకుంటం. అందులో నీళ్లు, దుమ్ము కలుస్తయి. పాత కమాండర్ అది తాగి అరిగించుకునేది. కామన్ రైల్ బండికి అదే పోస్తే ఇంజెక్టర్లు ఖరాబైతయి, నాలుగూ కలిపితే పాత బైకు కొనేంత ఖర్చు. మా ఊరి పక్కన ఒకాయన బండి అట్లనే నెల రోజులు షెడ్డులో పడుంది, తప్పు బండిది కాదు.

బీఎస్-6 డీజిల్ బండికి ఇంకో ముచ్చట. సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటది. బండి అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద ఆగకుండ ఉరికితేనే ఆ వేడికి మసి కాలిపోతది. రోజూ ఇంటి నుంచి బావి దాకా రెండు కిలోమీటర్లు తిప్పేటోళ్లకు అది మూసుకపోతది. మీ తిరుగుడు ఏందో మీరే చూసుకోవాలె.

కంపెనీ ఉండాలె కదా, అది కూడా చూడాలె. 2013లో జనరల్ మోటార్స్ లక్షా పద్నాలుగు వేల టవేరాలు వెనక్కి పిలిచింది, 2017 ఆఖరుకు ఈ దేశంలో అమ్మకాలే బంద్ చేసింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నమని ప్రకటించింది. ఎండీవర్ మంచి బండే, తక్కువకు వస్తది కూడా. తక్కువకు ఎందుకు వస్తుందో అర్థమైతే చాలు. బొలెరోకు సామాన్ కావాల్నంటే మన ఆటోనగర్‌లో పొద్దున పోయి మధ్యాహ్నానికి బిగించుకొని రావచ్చు.

ఇప్పుడు మన దగ్గరకు వచ్చే బండ్ల సంగతి. 2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దన్నది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దాంతో అక్కడి బండ్లు ఎన్ఓసీ తీసుకొని ఇటు రావట్టినయి. అన్నీ చెడ్డవి కావు, కొన్ని బాగ చూసుకున్నవి ఉంటయి. కానీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నెంబర్ మార్చుకోవాలె, ఆ లెక్క ముందుగాల ఆర్టీఓ ఆఫీసులో అడుగకుండ బయానా ఇయ్యకుర్రి.

రెండోది నీళ్లల్ల మునిగిన బండి. 2020 అక్టోబర్ 13 రాత్రి మర్చిపోయినోళ్లు లేరు. హయత్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో బండ్లు పడవల లెక్క తేలినయి. పాత జీపు మునిగితే ఆయిల్ మార్చి, ఎండకు ఆరబెట్టి, పంపు కడిగితే లేచేది. ఇప్పటి బండిలో వైరింగ్, కంప్యూటర్ ఉంటయి, నీళ్లు తగిలిన రెండేండ్లకు కూడా సతాయిస్తయి. సీటు బెల్టు పూర్తిగా గుంజి చూడుర్రి, చివర్ల మట్టి మరక ఉందా అని. మ్యాట్లు లేపి సీటు కింది బోల్టులు చూడుర్రి, తుప్పు ఉంటే అడుగుర్రి. ఫ్యూజ్ డబ్బాలో సన్న బురద ఉంటే మాట్లాడకుండ ఇంటికి రార్రి.

మీటర్ మీద నమ్మకం పెట్టకుర్రి, పాత మీటరైనా డిజిటల్ అయినా తిప్పేటోళ్లున్నరు. అరవై వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగ కాదు. పొద్దున చల్ల ఇంజన్ మీదనే స్టార్ట్ చేయించుర్రి, మీరు వచ్చేసరికే బానెట్ వేడిగుంటే ఎందుకు వేడి చేసిండో అడుగుర్రి. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున కొడితే బోర్ పనికి దగ్గరున్నట్టు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నట్టు. ఎంత కొత్త పెయింట్ ఉన్నా కింద పండుకొని చాసిస్ చూడాలె, సముద్రం పక్క ఊర్ల నుంచి వచ్చిన బండికి అయితే తప్పకుండ. వెల్డింగ్ మచ్చలు, వంపు ఉంటే ఆ బండి ఒకసారి పల్టీ కొట్టిందో, గుద్దిందో.

కాగితాలకు వస్తే, సొంత బండి ఆర్సీ పదిహేనేండ్లు, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు ఆరొందల నుంచి ఐదు వేలైంది, ఫిట్‌నెస్ కోసం చేయించే పని వేరే. అంటే 2011 బండి సస్తాగ వస్తుందంటే ఆ ఖర్చు మీ నెత్తి మీదికి వస్తుందని అర్థం. ఎంపరివాహన్ యాప్‌లో నెంబర్ కొట్టి చాలాన్లు, ఇన్సూరెన్స్ చూడుర్రి. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఫారం 35, వాళ్ల ఎన్ఓసీ చేతికి వచ్చేదాక మిగతా పైసలు ఆపుర్రి. ఫారం 29, 30 మీద అమ్మేటాయన మీ ముందటనే సంతకం పెట్టాలె.

నెంబర్ రాసి పెట్టిన తమ్ముళ్లకు: మీరు చూసిన బండి ఏ సంవత్సరందో, ఏ ఇంజనో, ఎన్ని చేతులు మారిందో కింద రాయుర్రి. ఆదివారం ఆటోనగర్ పోయే పని ఉంది, మేస్త్రిని అడిగి చెప్త.